అన్నమాటను ఆంగ్లమున జెప్పుట

మనుష్యుడు ఉదయము మొదలు రాత్రివఱకు పలుకు మాటలలో తనవి యెన్ని, ఇతరులవి యెన్ని యని యెవరైనను లెక్కింపబూనినచో, ఇతరుల మాటలే యెక్కువగా దేలునని మా నమ్మకము. వైద్యుడు మందు మానవద్దనెను. కండక్టరు సాయంకాలము బస్సు లేదనెను. అల్లుడు పండుగకు వచ్చెదననెను. అధికారి రాబోవు మాసమున చూతమనెను. ఇట్టి మాటలను విని, మోసికొనిపోయి, మఱియొకరికి అప్పగించుటయే లోకవ్యవహారములో సగభాగము. ఒకరి సొమ్మును మఱియొకరికి జేర్చువాడు దారిలో దానిని తఱుగనీయరాదు. తన సొమ్మును దానిలో గలుపనురాదు. మాటయు నట్టిదే. మాటను తఱుగుదల లేక చేర్చుటకై ప్రతిభాషయు తనకు దగిన సాధనమును గల్పించుకొన్నది. మన భాషలో ఆ సాధనము ‘అని’ యను రెండక్షరముల మాట. ఆంగ్లమున నది క్రియారూపములను మార్చుట. ఈ రెంటికిగల భేదమును దెలియజెప్పకపోవుటచే మన బాలురు పడుచున్న యవస్థయే ఈ వ్యాసమునకు విషయము.

మేము కాటారము ప్రాంతమున ఆంగ్లము బోధించువారము. కాటారము కాళేశ్వరమునకు బోవు త్రోవలోని యూరు. 2016 అక్టోబరు 11వ తేదీ వఱకు కరీంనగరము జిల్లాలోనిది, నాటినుండి భూపాలపల్లి కేంద్రముగా నేర్పడిన జిల్లాలోనిది. ఒకప్రక్క వేదవిద్యకు బేరుపొందిన మంథని, మఱియొకప్రక్క గోదావరీప్రాణహితల సంగమము, నడుమ నడవి. ఇచ్చటి బాలుడు ఇంటిలో తెలుగును, సంతలో నుర్దూ ముక్కలును, బడిలో హిందీని, ఆంగ్లమును వినుచు బెరుగును. అట్టివానిని ‘ఆయన వస్తానన్నాడు’ అను వాక్యమును ఆంగ్లమున జెప్పుమన్నచో, సామాన్యముగా ‘హి సెడ్ దట్ హి విల్ కమ్’ అని చెప్పును. కొందఱు ‘హి సెడ్ దట్ ఐ విల్ కమ్’ అనియు జెప్పుదురు. పరీక్షించువాడు ఎఱ్ఱసిరాతో ‘విల్’ను గొట్టి ‘వుడ్’ అని వ్రాయును. ఎందులకని బాలుడడుగడు, అడిగినను, ‘సెడ్’ భూతకాలము గనుక అనియే సమాధానము. ఆ సమాధానముతో పరీక్ష గట్టెక్కును గాని భాష పట్టుబడదు.

ముందు బాలుడేల యట్లనెనో విచారింతము. అతడు తెలియక తప్పుచేసెనని తలచుట సులభము. కాని మా పరిశీలనలో, అతడు తన మాతృభాషను బాగుగా నెఱిగియుండుటచేతనే యట్లు వ్రాయుచున్నాడు. తెలుగున ‘రాముడు రేపు వచ్చెదనని చెప్పెను’ అందుము. ‘చెప్పెను’ భూతమైనను ‘వచ్చెదను’ చెక్కుచెదరదు. రాముని నోట వెడలిన క్రియ యెట్లున్నదో యట్లే ‘అని’ యను పెట్టెలో బెట్టి మూతవేసి యప్పగింతుము. సర్వనామమును మాత్రము కొంచెము సవరించి ‘తాను వచ్చెదనని చెప్పెను’ అనియు ననవచ్చును. ఇందొక వింత గలదు. ‘తాను’ అనునది ప్రథమపురుష. ‘వచ్చెదను’ అనునది ఉత్తమపురుష. కర్తకును క్రియకును పురుషభేదము గల యిట్టి వాక్యమును మనము మాటలు నేర్చినది మొదలు పలుకుచున్నను, దానిని వింతగా నెంచము. నేటి భాషాశాస్త్రజ్ఞులు మాత్రము తెలుగునందలి యీ ప్రయోగమును ప్రత్యేకించి పరిశోధించుచున్నారు. ‘హి సెడ్ దట్ ఐ విల్ కమ్’ అని వ్రాసిన బాలుడు చేసినదేమి? ‘వచ్చెదను’ అను ఉత్తమపురుషను నమ్మకముగా ఆంగ్లమునకు దెచ్చినాడు. విన్న ఆంగ్లేయుడు మాత్రము వచ్చువాడు ఈ బాలుడే యనుకొనును.

సంస్కృతమునను ఇంతియే. ‘ఆగమిష్యామీతి రామోఽవదత్’ అన్నచో, ‘ఇతి’ మనకు ‘అని’ వంటిది. దానికి ముందున్న లృట్టు లృట్టుగనే యుండును, వెనుకనున్న లఙ్ దానిని దాకదు. 1886లో స్పైయర్ అను డచ్చి పండితుడు ప్రకటించిన సంస్కృతవాక్యశాస్త్రమున ఈ ‘ఇతి’ విశేషములు చర్చింపబడినవి. ఉర్దూలో ‘ఉస్ నే కహా కే మై ఆవూంగా’ అందురు. అచ్చటను ‘ఆవూంగా’ మాఱదు. 1918లో ఉర్దూమాధ్యమముగా ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసిన యీ ప్రాంతమున, తెలుగువాడు కచ్చేరీకి బోయి యుర్దూ వినినను, మంథని పండితునికడకు బోయి సంస్కృతము వినినను, వక్త క్రియను దాకకుండుటయే న్యాయమని నేర్చుకొన్నాడు. ఇన్ని తరముల యభ్యాసమును ఎఱ్ఱసిరాగీత యొక్కటి తుడిచివేయజాలదు.

ఇక నాంగ్లేయుని పద్ధతి. అతడు మాటను పెట్టెలో బెట్టడు. తాను నిలిచిన చోటునుండి ఆ మాటను జూచి, తన మాటగా జెప్పును. చెప్పుట నిన్నటిది, నిన్నటి చోట నిలిచి ముందునకు జూచిన చూపు ‘వుడ్’. కావున ‘వుడ్’ అనునది జరిగిపోయిన సంగతికి గుర్తు గాదు. అది నాటి భవిష్యత్తు. నాడు ముందున్నది నేటికిని ముందే యుండవచ్చును, నేడు జరుగుచుండవచ్చును, జరిగిపోయియుండవచ్చును, ఎన్నటికిని జరుగకపోవచ్చును. వీనిలో నేదియో ‘వుడ్’ చెప్పదు. లాటినుభాషలో నిట్టి కాలానుక్రమనియమము కట్టుదిట్టముగా నుండెను. 1762లో రాబర్ట్ లౌత్, 1795లో లిండ్లీ మఱ్ఱీ మొదలగువారు ప్రకటించిన యాంగ్లవ్యాకరణములు లాటిను చదివినవారి చూపుతో వ్రాయబడినవి. ఆ సంప్రదాయమే సామ్రాజ్యముతోబాటు మన బడులకు వచ్చినది. ఇది ఐరోపాభాషలకెల్ల సహజమనియు ననుకొనరాదు. రష్యనుభాష ఐరోపాలోనిదయ్యును, మనవలెనే వక్త పలికిన కాలమునే నిలుపును. డెన్మార్కు పండితుడు ఓటో యెస్పర్సన్ 1924లో ప్రకటించిన తన వ్యాకరణతత్త్వగ్రంథమున పరోక్షకథనమునకొక ప్రకరణమునే కేటాయించెను. కావున మన బాలుని వాక్యము మోటుతనము గాదు. అది లోకమునందలి రెండు మార్గములలో నొకటి. ఆంగ్లము మఱియొక మార్గమున నడచుచున్నది. ఇంతమాత్రము ముందుగా జెప్పినచో, బాలుడు తలవంచుకొనుట మాని, తలయెత్తి వినును.

ఆ మార్గములోని మెట్లను సంక్షేపముగ జెప్పెదము. ‘విల్’ ‘వుడ్’ అగును. ‘కెన్’ ‘కుడ్’ అగును. ‘మే’ ‘మైట్’ అగును. ‘షల్’ సందర్భమునుబట్టి ‘వుడ్’ గాని ‘షుడ్’ గాని యగును. ‘వుడ్, కుడ్, మైట్, షుడ్, ఆట్ టు’ అనునవి వక్త నోటనే యుండినచో మార్పు లేక నిలుచును. దీనికి కారణము చరిత్రలో నున్నది. ‘వుడ్, కుడ్, మైట్, షుడ్’ అనునవి ప్రాచీనాంగ్లమున ‘విల్, కెన్, మే, షల్’ అనువాని భూతరూపములే. ఇదివఱకే యొక మెట్టు దిగినవానికి మఱియొక మెట్టు లేదు. ‘కుడ్’లోని యుచ్చరింపబడని ‘ఎల్’ అక్షరము, ‘వుడ్, షుడ్’లను జూచి పిమ్మట జేర్చబడినదే గాని మొదటినుండి దానిది గాదు. ‘మస్ట్’ కథ మఱింత వింతయైనది. అది యొక పాతక్రియ యొక్క భూతరూపము. ఆ పాతక్రియ నశించి భూతరూపమే వర్తమానమున గద్దెనెక్కినది. అందుచేతనే ‘మస్ట్’కు వేఱు భూతరూపము లేదు. ‘నీవు పోవలెను’ అను విధిని మరల జెప్పునప్పుడు ‘మస్ట్’ నిలిచినను నిలుచును, ‘హాడ్ టు’ వచ్చినను వచ్చును. ‘దీపము వెలుగుచున్నది, అతడింట నుండవలెను’ అను నూహ యైనచో, ‘మస్ట్’ అట్లే నిలుచుట మేలు. ‘పోగూడదు’ అను నిషేధమునకు ‘మస్ట్ నాట్’ నిలుచును. అచ్చట ‘డిడ్ నాట్ హావ్ టు’ అని వ్రాసినచో, పోగూడదన్న మాట పోనక్కరలేదన్నట్లు మాఱిపోవును. తండ్రి యేటిలో దిగవద్దన్నాడని చెప్పవలసిన పిల్లవాడు, దిగనక్కరలేదన్నాడని చెప్పినట్లగును.

ఇందు నిజముగా విచారింపవలసినది ‘మే’ యను క్రియ. ‘మీరు పోవచ్చును’ అని ప్రధానోపాధ్యాయుడనిన నది యనుమతి. ‘వాగు పొంగవచ్చును’ అని పెద్దలనిన నది సంభావన. ఆంగ్లమున రెంటికిని ‘మే’. మన తెలుగునను రెంటికిని ‘వచ్చును’. ఈ యొక్కచోట రెండు భాషలును దగ్గఱివి. మరల జెప్పునప్పుడు మాత్రము, సంభావనకు ‘మైట్’ సరిపోవును గాని, యనుమతికి ‘మైట్’ అని వ్రాసినచో నేటి చదువరి దానిని సంభావనగా జదువును. అందుచే ననుమతికి ‘కుడ్’ అనుటయో, అనుమతించిరని స్పష్టముగ జెప్పుటయో మేలు. 2022 జూలైలో గోదావరి పొంగి మేడిగడ్డ సమీపమున కన్నెపల్లి పంపుహౌసును ముంచినది. 2023 జూలై 27న మోరంచవాగు మోరంచపల్లి గ్రామమును ముంచగా, జనులను గాపాడుటకు హెలికాప్టరులు రావలసివచ్చెను. నీరు రావచ్చుననుటకును, వచ్చుననుటకును, వచ్చితీరుననుటకును గల భేదమెట్టిదో యీ ప్రాంతమువారికి మేము చెప్పనక్కరలేదు. ఒకడు ‘రావచ్చును’ అనిన, మోసికొనిపోవువాడు దానిని ‘వచ్చును’ అని పెంచినచో నూరు నిష్కారణముగ బెదరును. ‘వచ్చితీరును’ అనినదానిని ‘రావచ్చును’ అని తగ్గించినచో నూరు నిద్రపోవును. సహాయక్రియ చిన్నదైనను, అది మోయు బరువు చిన్నది గాదు.

సంస్కృతము చదివినవారికి ఈ విచారము క్రొత్తది గాదు. పాణిని లిఙ్లకారమునకు విధి, నిమంత్రణము, ఆమంత్రణము, అధీష్టము, సంప్రశ్నము, ప్రార్థనము అని యాఱర్థములను బేర్కొనెను. వీనిలో నిమంత్రణమనగా శ్రాద్ధభోజనమునకు బిలిచినట్లు, తప్పక యంగీకరింపవలసిన పిలుపనియు, ఆమంత్రణమనగా వచ్చుటయు మానుటయు పిలువబడినవాని యిచ్ఛకు విడిచిన పిలుపనియు వ్యాఖ్యాతలు వివరించిరి. రూపమొక్కటే, అర్థములాఱు. ‘నేను తలుపు తీయుదునా?’ అని యొకడడిగిన నది సంప్రశ్నము. ఆంగ్లమున ‘షల్ ఐ’ అని యడిగినదానిని మరల జెప్పునప్పుడు ‘హి ఆస్క్డ్ వెదర్ హి షుడ్’ అందురు. ‘నేను రేపు వత్తును’ అను నర్థమున ‘ఐ షల్ కమ్’ అనినదానిని ‘హి సెడ్ హి వుడ్ కమ్’ అందురు. ఒకే ‘షల్’ ఒకచోట ‘షుడ్’ ఏల, మఱియొకచోట ‘వుడ్’ ఏల యని పట్టిక నడిగిన నది చెప్పదు. అర్థము నడిగినచో వెంటనే చెప్పును. మొదటిది సలహా కోరుట, రెండవది వట్టి భవిష్యత్తు. మన పూర్వులు లకారమును నేర్పునప్పుడు అర్థమును ముందుంచి రూపమును వెనుక నుంచిరి. మేము ఆంగ్లము నేర్పునప్పుడును ఆ క్రమమునే పాటింపవలెనని వాదించుచున్నాము.

ఇపుడు ముఖ్యప్రశ్నకు వత్తము. ‘సెడ్’ తరువాత ‘విల్’ ఎన్నడును రాగూడదా? రావచ్చును. చెప్పినవాని మాట చెప్పుచున్న క్షణమునకును ముందున్నదిగా నుండి, చెప్పుచున్నవాడు దానిని తానును నమ్మి యెదుటివాని ముందుంచునప్పుడు ‘విల్’ నిలుచును. ‘రేపు బడికి సెలవుండునని ఇప్పుడే చెప్పిరి’ అని బాలుడు తల్లికి జెప్పునప్పుడు, ‘విల్’ అనుట దోషము గాదు. రేపు ఇంకను రేపే. అట్లే ‘భూమి సూర్యుని చుట్టు తిరుగును’ వంటి నిత్యసత్యములను వెనుకకు జరుపనక్కరలేదు. ‘వుడ్’ అన్నచో నేమగును? అదియు దోషము గాదు. చెప్పువాడు తన పూచీ లేకుండ, మాటను మాటాడినవాని కడనే యుంచినట్లగును. కావున ‘విల్’, ‘వుడ్’ల నడుమ నెన్నిక కాలమునకు సంబంధించినంత మాత్రమే గాదు, పూచీకి సంబంధించినది.

దీనికి మన రాష్ట్రచరిత్రనుండియే యొక నిదర్శనము చూపుదుము. 2009 డిసెంబరు 9వ తేదీ రాత్రి కేంద్ర హోంమంత్రి పి. చిదంబరము, తెలంగాణరాష్ట్ర నిర్మాణప్రక్రియ ప్రారంభింపబడునని ఢిల్లీలో నాంగ్లమున బ్రకటించెను. ఆ ప్రకటనలోని సహాయక్రియ ‘విల్’. ఆ రాత్రి దానిని విన్నవాడు తన మిత్రునికి జెప్పునప్పుడు, సంతోషముతో ‘హి సెడ్ ఇట్ విల్’ అనుటకు హక్కు గలవాడు. అతడు వార్తతోబాటు తన నమ్మకమును గూడ నందించుచున్నాడు. పత్రికలో వ్రాయువాడు ‘హి సెడ్ ఇట్ వుడ్’ అని వ్రాయుట తగును. మంత్రి మాటను మంత్రికడనే యుంచుట వాని ధర్మము. అదే మాసము 23వ తేదీని విస్తృతమైన సంప్రదింపులు జరుపవలసియున్నవని మఱియొక ప్రకటన వచ్చినది. నాడు ‘హి సెడ్ ఇట్ విల్’ అనువాని నోరు తడబడవలసినదే. ‘హి సెడ్ ఇట్ వుడ్’ అను వాక్యమునకు మాత్రము నాడును లోపము లేదు. 2014 జూన్ 2న రాష్ట్రమేర్పడినప్పుడును లోపము లేదు. నూఱేండ్ల పిమ్మట చరిత్రకారుడు వ్రాసినను లోపముండదు. మాట నెఱవేఱినను, వాయిదాపడినను, తప్పినను, అట్లు చెప్పెననుట సత్యమే గనుక. ‘వుడ్’ నమ్మకమైన సాక్షివంటిది. తాను వినినంతయే చెప్పును, దానిపై తీర్పు చెప్పదు.

ఈ భేదము పండితగోష్ఠికి మాత్రమే పనికివచ్చునని యెవరైన ననుకొందురేమో. ఒకప్పుడు మాకడకు ఒక వృద్ధురాలు మనుమని వెంటబెట్టుకొని వచ్చినది. భర్త మరణించిన పిమ్మట భూమి పాసుపుస్తకమును తన పేర మార్పించుకొనుటకై యామె యొక కార్యాలయమునకు పలుమాఱులు తిరిగినదట. నెలలోపల నిత్తుమని యచ్చటివారు చెప్పిరట. నాలుగు నెలలు గడచినవి. పై యధికారికి దెలుగు రాదని యెవరో చెప్పగా, ఆంగ్లమున విన్నపము వ్రాసి యిమ్మని కోరినది. పుస్తకము నెలలోపల నీయబడునని తనతో జెప్పిరన్న సంగతిని మేము ‘వుడ్ బి గివెన్’ అని వ్రాసితిమి. మనుమడు ఎనిమిదవ తరగతివాడు. కాగితమును జదివి వినిపించెను.

“వుడ్ అంటే ఏందిరా?” అని యామె యడిగెను.

“విల్ కు పాస్ట్, నాయినమ్మా. అయిపోయిందన్నట్టు.”

ఆమె మావైపు తిరిగి, “అయిపోయిందని రాస్తివా సారూ? ఇస్తమన్నరని రాయి. అయిపోయిందన్నట్టు రాస్తే వాళ్ళు తప్పించుకుంటరు గద!” అనెను.

అక్షరము రాని యామె, అక్షరము వచ్చిన మనుమనికంటె సరిగా ప్రశ్నించెను. తనకొసగబడిన మాట యొక ఋణము. ఋణపత్రములో ఋణము తీఱిపోయినదని వ్రాయుటకు ఎవరొప్పుకొందురు? ఆమె భయమునకు మూలము ‘వుడ్’ గాదు. ‘వుడ్’ అనగా ‘విల్’కు భూతకాలమని బడిలో నేర్పిన పాఠము. “అవ్వా, ఆ మాట ఇంకా తీఱలేదు. వాళ్ళు ఏమన్నరో అది వాళ్ళ మీదనే పెట్టి రాసినం” అని చెప్పి, ‘విల్’ ఏల వ్రాయరాదో గూడ వివరించితిమి. నెలలోపల అన్న గడువు దాటి మూడు నెలలైనది. దాటిన గడువునకు ‘విల్’ పొసగదు. మాట యింకను నిలిచియున్నదని చెప్పుట సహాయక్రియ పని గాదు. దానికి వేఱు వాక్యము గావలెను. కావున నే తేదీని చెప్పిరో, గడువే తేదీకి ముగిసెనో, ఈయమని యెవరును ఆమెతో జెప్పలేదనియు, ఆ మాటను నిలుపవలసినదనియు మూడు వాక్యములు చేర్చితిమి. మనుమడు దానిని దెలుగున జదివి చెప్పగా, ఆమె విని, “ఇగ మంచిగున్నది” అని వ్రేలిముద్ర వేసెను. విన్నపమువలననో, ఆమె పట్టుదలవలననో చెప్పజాలము గాని, కొంతకాలమునకు పుస్తకము చేతికి వచ్చెను.

పేదవారికి వ్యాకరణముతో బనియేమి యనువారికి ఈ సంగతి చాలును. ధనికుని మాటను న్యాయవాది మోయును. పేదవాని మాటను వాని బిడ్డ మోయవలెను. రాజ్యాంగము 348వ అధికరణముననుసరించి ఉన్నతన్యాయస్థానముల వ్యవహారము ప్రధానముగ నాంగ్లముననే జరుగుచున్నది. ఊరిలో దెలుగున బలికిన సాక్ష్యము అచ్చటికి బోవువఱకు నాంగ్లవేషము వేసికొనును. ‘చంపుతానన్నాడు’ అను మాటలో నున్నది బెదరింపో, శక్తిని గూర్చిన ప్రగల్భమో, వట్టి కోపమో, అనువాదకుడు ‘వుడ్’ అనుటలో, ‘కుడ్’ అనుటలో, ‘మైట్’ అనుటలో మాఱిపోవచ్చును. అట్టిచోట నొక యక్షరముపై నొకని జీవితము వ్రేలాడును.

2022–23 విద్యాసంవత్సరమునుండి తెలంగాణములోని ప్రభుత్వపాఠశాలలలో ఆంగ్లమాధ్యమము దశలవారీగా బ్రవేశపెట్టబడినది. దీని గుణదోషముల జర్చ యిచ్చట దలపెట్టము. మాధ్యమము వచ్చినది గనుక, బోధనాపద్ధతి మాఱవలయునన్నదే మా మనవి. 1930 దశకమునుండి రెన్, మార్టినుల వ్యాకరణము ఈ దేశపు బడులలో నెంత పేరుగాంచినదో చదువరులెఱుగుదురు. వారిలో రెన్ బొంబాయిరాజధాని విద్యాశాఖలో బనిచేసినవాడు, నవలలు వ్రాసినవాడు. అట్టి గ్రంథములను మేము నిందింపము. నియమములతోబాటు మినహాయింపులును వానిలో గలవు. నిందింపవలసినది, మినహాయింపులను విడిచి, అర్థమును విడిచి, కొటేషను గుర్తులు తీసివేసి క్రియలను దింపుట యను కసరత్తును మాత్రము మిగిల్చిన మన పరీక్షలను. ఎవడు, ఎవనితో, ఎప్పుడు, ఎందులకు జెప్పెనో తెలియని ‘హి సెడ్’ వాక్యములను పదింటిని మార్చిన బాలునికి పది మార్కులు వచ్చును. ఇంటికి బోయి నాయనమ్మకు ‘వుడ్’ అనగా నయిపోయినదని చెప్పును.

మా సూచనలు మూడు. మొదటిది: ‘వుడ్’ను ‘విల్’కు భూతకాలమని నేర్పుట మానవలెను, అది నాటి చోటినుండి చూచిన ముందుచూపని నేర్పవలెను. రెండవది: పరోక్షకథనపాఠమును ‘అని’తో మొదలిడవలెను. తెలుగువాక్యములో వక్త మాట యెంతవఱకు, చెప్పువాని మాట యెంతవఱకు నని బాలురచేతనే గీత గీయింపవలెను. ఆ గీత దెలిసినవానికి ఆంగ్లమున నేది మార్చవలెనో చెప్పకయే తెలియును. మంథని నియోజకవర్గమునకు 1957 నుండి 1977 వఱకు బ్రతినిధిగా నుండిన పి. వి. నరసింహారావు విశ్వనాథ సత్యనారాయణగారి ‘వేయిపడగలు’ను ‘సహస్రఫణ్’ అని హిందీలోనికి దెచ్చెను. బహుభాషలు నేర్చినవాడు మాతృభాషను దాటిపోయి నేర్వలేదు. దాని మీదుగనే నడచినాడు. మూడవది: కల్పితవాక్యములకు మాఱుగ, బాలురు నిజముగ వినిన మాటలను వ్రాయింపవలెను. బస్సుస్టాండులో నేమి చెప్పిరి? ఆరోగ్యకేంద్రములో నేమి చెప్పిరి? ఆ మాట యింకను నిలిచియున్నదా, గడువు దాటినదా? దానికి నీవు పూచీ పడుదువా? ఈ ప్రశ్నలకు బదులు చెప్పిన పిదప ‘విల్’, ‘వుడ్’లలో నేది వ్రాయవలెనో యన్న ప్రశ్న దానంతట నదే తీఱును.

నేడు లండనులోను, అమెరికాలోను పత్రికలవారే ‘సెడ్ విల్’ అని వ్రాయుచుండగా మనకీ పట్టుదల యేల యని కొందఱందురు. వారు వ్రాయుట నిజమే. కాని తెలిసి వ్రాయుటకును, తెలియక వ్రాయుటకును భేదము గలదు. ఈత వచ్చినవాడు గట్టున గూర్చుండుట యొకటి, రానివాడు కూర్చుండుట మఱియొకటి. ‘సెడ్’ తరువాత ‘విల్’ కనబడినదే తడవుగా గొట్టివేయు పండితులకును మా మాట యిదియే: కొట్టుటకు ముందు ఆ బాలుని పిలిచి, ఆ మాట యింకను నిలిచియున్నదని నీ యభిప్రాయమా యని యడుగుడు. అవునని చెప్పినచో ఎఱ్ఱసిరాను దాచుకొనుడు. ఇద్దఱును మఱచినదొక్కటే: నియమము మాటను గాపాడుటకు బుట్టినది, మార్కులు పంచుటకు గాదు.

ఒక భాషను నేర్చుట యనగా నా భాష మాటాడువారు సత్యమును మోయు విధమును నేర్చుట. మనవారు మాటను యథాతథముగ ‘అని’ యందు భద్రపఱచిరి; ఆంగ్లేయులు కాలమును వెనుకకు జరిపి, ఇది నా మాట గాదు, వాని మాట యని గుర్తు వేసిరి. ఉభయుల యుద్దేశమును ఒక్కటియే: అనని మాటను అన్నట్లు చెప్పరాదు, అన్న మాటను అననట్లు చేయరాదు. ఈ నీతిని ముందు నేర్పి వ్యాకరణమును పిదప నేర్పినచో, మన పల్లెలలోని బాలురు పరీక్షలయందును గెలుతురు, తమవారి మాటను తఱుగనీయక యెంతటి కచ్చేరీకైనను మోయగలుగుదురు. ఉపాధ్యాయులీ విషయమును విచారింతురుగాక.